ఎయిర్‌లాక్‌లో నీళ్లు రాత్రికి రాత్రే ఖాళీ: పండుమిరప బకెట్టు, కర్నూలు

హంద్రీ_గట్టు (కర్నూలు)
అందరికీ నమస్కారం. పండుమిరపకాయలు పులియబెట్టి సాస్ చేస్తున్నాను. జాడీ పచ్చడి కాదు. ఉప్పు తక్కువ వేసి, గాలి తగలకుండా పులియనిచ్చి, తర్వాత మెత్తగా రుబ్బి వడగట్టే రకం. ఆలూరు వైపు నుంచి తెచ్చిన కాయలు. రంగు కోసం బ్యాడిగి, కారం కోసం మామూలు సన్నకాయ. మూత గట్టిగా పట్టే 20 లీటర్ల తెల్ల బకెట్టు, మూతకు రంధ్రం, రంధ్రానికి రబ్బరు వాషర్, అందులో ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ను నీళ్ల గుండా బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వని చిన్న గొట్టం). ఆ ఎయిర్‌లాక్ అమెరికా నుంచి మా బావ తెచ్చాడు. ఆయన అక్కడ ఇంట్లో బీరు చేసుకుంటాడు, ఇవి డబ్బాడు ఉన్నాయట.

సమస్య ఏమిటంటే, రాత్రి గీత దాకా నీళ్లు పోసి పడుకుంటే పొద్దునకు అడుగున కొంచెం మిగులుతున్నాయి. మళ్లీ పోస్తే తొమ్మిది, పది గంటలకు బుడగలు బాగానే వస్తాయి, అంటే పులియడం ఆగలేదన్నమాట. మా అమ్మేమో "ఎండకు ఇగిరిపోతున్నాయిలే" అంటోంది. రాత్రిపూట ఎండ ఎక్కడిది? బకెట్టు మిద్దె మీద రేకుల గదిలో ఉంది, ఘాటుకు ఇంట్లో పెట్టనివ్వలేదు. ఎయిర్‌లాక్ మూడు ముక్కల రకం: గొట్టం, దాని మీద బోర్లించిన చిన్న కప్పు, పైన మూత. ఎవరికైనా అనుభవం ఉందా?

అనంత_శెనక్కాయ
మీ అమ్మగారు చెప్పిందే రైటు అన్నా. మా అనంతపురంలో గ్లాసులో నీళ్లు పెట్టి పక్కింటికి పోయొస్తే సగం ఉంటాయి. రాత్రి ఎండ లేకపోయినా గాలి పొడిగానే ఉంటుంది కదా. పైగా రేకుల గది. నీళ్ల మీద అర చెంచా శెనక్కాయ నూనె వేయండి, ఇగిరే ప్రసక్తే లేదు.

జాడీ_అక్క (కడప)
బాబూ, దీనికంతా ఎయిర్‌లాక్ ఎందుకు? మా అత్తగారు పండుమిరపకాయలు తొడిమ తీసి, తుడిచి, ఉప్పు చింతపండు వేసి దంచి, జాడీకి వాసెన కట్టి అటక మీద పెట్టేవారు. ఏడాది ఉన్నా చెడిపోలేదు. నీళ్లు పోసే పనే లేదు.

హంద్రీ_గట్టు
అక్కా, మీరు చెప్పింది నిజమే, మా ఇంట్లోనూ ఆ జాడీ ఉంది. కానీ ఆ పచ్చడిలో ఉప్పు బాగా ఎక్కువ, పైగా చింతపండు పులుపు. ఆ ఉప్పుకు ఏ సూక్ష్మజీవీ పెద్దగా పెరగదు, అందుకే వాసెన గుడ్డ చాలు. నేను కిలో కాయలకు 35 గ్రాములే వేశాను. ఆ మాత్రం ఉప్పులో పులుపు బ్యాక్టీరియా పెరుగుతుంది, గాలి తగిలితే బూజు కూడా పెరుగుతుంది. అందుకే ఈ తిప్పలు.

శెనక్కాయ అన్నా, నూనె వేసి చూస్తాను.

డెన్వర్_పొద్దుటూరోడు
నూనె వద్దు హంద్రీ అన్నా, ఆగు. ముందు నీళ్లు ఏ దారిన పోతున్నాయో తేల్చుకో.

నాది పొద్దుటూరు, ఉండేది కొలరాడోలో. ఇక్కడ ఇంట్లో బీరు చేసుకోవడం చట్టబద్ధమే. 1978లో అప్పటి అధ్యక్షుడు కార్టర్ ఆ చట్టం మీద సంతకం పెట్టాడు. ఒక్కరే పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఉంటే 200. అమ్మకూడదు. డెన్వర్ గాలి కూడా మన సీమ గాలి లాగే పొడి, కాబట్టి ఈ ఎయిర్‌లాక్ గోల నాకు బాగా అలవాటు.

నీళ్లు పోయే దారులు నాలుగు. ఒకటి, ఇగిరిపోవడం. ఇది నెమ్మదిగా, పగలూ రాత్రీ జరుగుతుంది. ఫ్యాను కింద పెడితే, పైమూత పెట్టకపోతే ఎక్కువ. రెండు, లోపలి నుంచి గ్యాస్ జోరుగా వచ్చి నీళ్లను పైకి చిమ్మడం. బీరులో మొదటి రెండు మూడు రోజులు ఇదే గొడవ, నురుగు ఎయిర్‌లాక్ దాకా ఎక్కుతుంది. 20 లీటర్ల మామూలు బీరు పులిసేలోపు సుమారు 400 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, ఆ జోరు ఊహించుకో. ఇలా జరిగితే మూత మీద తడి మరకలుంటాయి. మూడు, ప్లాస్టిక్ గొట్టంలో కంటికి కనపడని చీలిక. నాలుగు, బకెట్టు నీళ్లను లోపలికి తాగేయడం.

నీ లక్షణాలు చూస్తే నాలుగోదే. రాత్రి చల్లబడినప్పుడు లోపలి గ్యాస్ కుంచించుకుపోతుంది, బయటి గాలి ఒత్తిడి నీళ్లను కప్పు లోపలికి ఎక్కిస్తుంది, అవి గొట్టం అంచు దాటి బకెట్టులో పడతాయి. కప్పు కింది అంచు దాకా మట్టం దిగాక ఇక గాలికి దారి దొరుకుతుంది, అప్పుడు ఆగుతుంది. నీకు ప్రతిరోజూ "అడుగున కొంచెం" మిగలడానికి కారణం అదే. ఇగిరిపోయేదైతే రోజూ సరిగ్గా అక్కడే ఎందుకు ఆగుతుంది?

నేను బీరును చివర్లో తేట పడటానికి ఫ్రిజ్‌లో పెడతాను, 20 డిగ్రీల నుంచి 2కు. అప్పుడు ఎయిర్‌లాక్ వదిలేస్తే మొత్తం తాగేస్తుంది. బీరు చల్లబడేకొద్దీ కార్బన్ డయాక్సైడ్‌ను తనలోకి ఇంకా లాక్కుంటుంది కూడా, కాబట్టి దెబ్బ మీద దెబ్బ.

అనంత_శెనక్కాయ
అంత చిన్న తేడాకి అన్ని నీళ్లు లాగుతుందా అన్నా? నమ్మబుద్ధి కావడం లేదు.

లెక్కల_సార్ (నంద్యాల)
చిన్న తేడా కాదు. హంద్రీ గారూ, బకెట్టులో కాయల ముద్ద పైన ఖాళీ ఎంత ఉంది? రేకుల గదిలో మధ్యాహ్నం, తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఎంత?

హంద్రీ_గట్టు
సార్, ముద్ద 15 లీటర్ల గీత దగ్గర ఉంది. పొంగుతుందని ఖాళీ వదిలాను. థర్మామీటరు ఈరోజే పెట్టాను: మధ్యాహ్నం 41, తెల్లారి ఐదుకు 22.

లెక్కల_సార్ (నంద్యాల)
15 లీటర్ల ముద్ద గాలంత త్వరగా వేడెక్కదు, చల్లారదు. కాబట్టి 41, 22 కాకుండా లోపలి ఖాళీకి 35 నుంచి 25 అనుకుందాం, తక్కువ లెక్కే వేద్దాం.

వాయువు ఘనపరిమాణం కెల్విన్ ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 35 డిగ్రీలంటే 308 కెల్విన్. 10 డిగ్రీలు తగ్గితే 308కి 10 తగ్గినట్టు, అంటే సుమారు 3.2 శాతం. ఖాళీ 5 లీటర్లు కాబట్టి 160 మిల్లీలీటర్లు. లోపలి నీటి ఆవిరి కూడా చల్లబడి తగ్గుతుంది, అది అదనం.

మీ ఎయిర్‌లాక్‌లో పట్టేది ఎంత? మహా అయితే 15, 20 మిల్లీలీటర్లు. బకెట్టుకు కావాల్సింది 160. కాబట్టి నీళ్లు అయిపోయాక మిగతా 140 బయటి గాలే. పొద్దున ఎండెక్కగానే ఆ గాలి వ్యాకోచించి మళ్లీ బయటికి వస్తుంది. మీరు తొమ్మిది, పది గంటలకు చూసే బుడగలు అవే. వాటిని బట్టి పులుస్తోందని చెప్పలేం.

డెన్వర్_పొద్దుటూరోడు
సార్ చెప్పిన చివరి మాట అందరూ రాసిపెట్టుకోండి. బీరు చేసేవాళ్లలో సగం మంది బుడగలు లెక్కపెట్టి మోసపోతారు. మేం హైడ్రోమీటరుతో సాంద్రత చూస్తాం, మిరపకైతే పులుపు ఎంతుందో చూపే పి.హెచ్. కాగితం చూడాలి (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). పైగా కాయగూరల పులియబెట్టడంలో గ్యాస్ వచ్చేది ముఖ్యంగా మొదటి కొన్ని రోజులే. తర్వాత పైచేయి అయ్యే బ్యాక్టీరియా పులుపు చేస్తుంది గానీ గ్యాస్ పెద్దగా వదలదు. అంటే నీ బకెట్టుకు తర్వాత తర్వాత బయటికి తోసే బలం ఉండదు, లోపలికి పీల్చుకోవడమే ఎక్కువ.

జాడీ_అక్క (కడప)
అయితే గాలి లోపలికి పోతోందన్నమాట. తెల్లటి పొర ఏమైనా కట్టిందా బాబూ?

హంద్రీ_గట్టు
ఇంకా మూత తీయలేదక్కా. కానీ ఒక అనుమానం. ఇది ఇగిరిపోవడం కాదని ఎలా ఖాయం చేసుకోవాలి? రెండూ కలిసి జరుగుతుండవచ్చు కదా. బావ ఇచ్చినవి ఇంకా ఉన్నాయి, ఒక ఖాళీ సీసాకు ఎయిర్‌లాక్ బిగించి బకెట్టు పక్కనే పెట్టి, రెండింటి మట్టాలూ మార్కరుతో గీసి చూస్తే?

ఆదోని_కాటన్
మంచి ఐడియా. సీసాలో పులిసేది ఏమీ లేదు కాబట్టి దానిలో తగ్గింది మొత్తం ఇగిరిపోయినట్టే.

లెక్కల_సార్ (నంద్యాల)
కాదు. ఖాళీ సీసా కూడా చల్లబడితే పీలుస్తుంది. మీరు లీటరు సీసా పెడితే దానిలో లీటరు గాలి ఉంటుంది, అదీ 30 మిల్లీలీటర్లు లాగుతుంది, ఎయిర్‌లాక్ ఖాళీ అవుతుంది. అప్పుడు "రెండూ ఒకేలా తగ్గాయి, కాబట్టి ఇగిరిపోవడమే" అని తప్పు తీర్పు ఇస్తారు. సీసాకు మేకు కాల్చి ఒక చిల్లు పెట్టండి. అప్పుడు లోపలా బయటా ఒకే ఒత్తిడి, పీల్చేది ఉండదు. దానిలో తగ్గిందే అసలు ఇగిరింది.

ఆదోని_కాటన్
సార్ ఇంత దూరం ఆలోచిస్తారనుకోలేదు. 😄 రెండింటి కింద పాత న్యూస్ పేపరు ముక్క కూడా పరచండి. గొట్టం చీలి ఉంటే పేపరు మీద నీటి మరక దొరికిపోతుంది. నా దగ్గర ఒకదాంట్లో అదే అయింది, మూతలోకి గట్టిగా నొక్కి తిప్పితే మెడ దగ్గర వెంట్రుకవాసి చీలిక వచ్చింది.

బుల్లెట్_బండి
ఇంత తెలివైనోళ్లు ఉన్నారు గదా, ఎవరైనా బీరు చేసే పద్ధతి పూర్తిగా రాయండన్నా. ఎయిర్‌లాక్‌లు మేం కూడా తెప్పిస్తాం.

మోడరేటర్
బుల్లెట్_బండి గారూ, లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం మన రాష్ట్రంలో నేరం. 1968 ఎక్సైజ్ చట్టం ఇంట్లోకి అని మినహాయింపు ఇవ్వదు. డెన్వర్ వారు చెప్తున్నది వాళ్ల దేశపు అనుభవం, పరికరం ఎలా పనిచేస్తుందో అర్థం కావడానికి. బీరు వంటకం ఈ వేదికలో వద్దు. చర్చ మిరప మీదే సాగనివ్వండి.

హంద్రీ_గట్టు
మోడరేటర్ గారూ, మా వీధిలో ఇప్పటికే అనుమానాలున్నాయి. మిద్దె మీద బకెట్టు గుడగుడమంటోందని ఎదురింటి పెద్దాయన మా నాన్నను పక్కకు పిలిచి అడిగాడు. పిలిచి మూత దగ్గర వాసన చూపించాం. రెండు తుమ్ములు తుమ్మి వెళ్లిపోయాడు.

ఇక ఫలితం. సార్ చెప్పినట్టు చిల్లు సీసా పెట్టాను. బకెట్టు ఎయిర్‌లాక్ తెల్లారేసరికి మామూలుగానే కప్పు అంచు దాకా దిగింది. సీసాది దాదాపు పెన్సిలు గీత మందం తగ్గింది, అంతే. పేపర్లు రెండూ పొడిగా ఉన్నాయి. మధ్యాహ్నం మాత్రం సీసాది ఇంకాస్త తగ్గింది, అంటే ఎండకు ఇగరడం కూడా ఉంది, కాకపోతే అది చిన్న వాటా.

అక్కా, మూత తీశాను. పైన పలచగా తెల్లటి పొర ఉంది, ముడతలు పడినట్టు. నూగు లేదు, ఆకుపచ్చ, నలుపు ఏమీ లేవు. పుల్లటి వాసనే.

జాడీ_అక్క (కడప)
నూగు లేకపోతే భయం లేదు. అది గాలి తగిలితే వచ్చే ఒక రకం ఈస్టు పొర. శుభ్రమైన గరిటెతో తీసేయి, ముద్దను కదపకుండా. నూగు నూగుగా రంగుతో లేస్తే మాత్రం అది బూజు, మొత్తం పారబోయాల్సిందే, పైపైన తీసి తినకూడదు. పి.హెచ్. చూశావా?

హంద్రీ_గట్టు
కాగితం 4 కంటే కొంచెం కిందికే చూపిస్తోంది అక్కా.

డెన్వర్_పొద్దుటూరోడు
బాగుంది. బొట్యులిజం క్రిమి (తిండిని విషం చేసేది) పెరగకుండా ఉండటానికి 4.6 కంటే తక్కువ ఉండాలి, నువ్వు దానికి బాగా కిందే ఉన్నావు. సరుకు క్షేమం. ఇక పీల్చుకోవడం సంగతి చూద్దాం.

చాలామంది ఎస్ ఆకారం ఎయిర్‌లాక్ కొనమంటారు. అందులో రెండు వైపులా ఉబ్బులుంటాయి, వెనక్కి పీల్చినప్పుడు నీళ్లు ఒక ఉబ్బులోకి చేరతాయి, గాలి వాటి గుండా బుడగలుగా లోపలికి పోతుంది, నీళ్లు బకెట్టులో పడవు. గీత దాటి పోస్తే అదీ పడేస్తుంది, అది వేరే సంగతి. కానీ ఒకటి గమనించు. దాంతో నీళ్లు మిగులుతాయి, గాలి మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది. నీ తెల్ల పొరకు అది మందు కాదు.

అనంత_శెనక్కాయ
మరి నా నూనె ఎందుకు వద్దన్నావు అన్నా?

డెన్వర్_పొద్దుటూరోడు
నీళ్లే లోపల పడుతుంటే వాటి మీది నూనె ఎక్కడికి పోతుంది చెప్పు? బీరులో చుక్క నూనె పడినా నురుగు నిలవదు. మిరపలో పడితే పెద్ద నష్టం లేదు గానీ రేకుల వేడికి వారంలో నూనె మక్కిన వాసన కొడుతుంది. కొందరు ఎయిర్‌లాక్‌లో వోడ్కా పోస్తారు, అది నీళ్ల కంటే తొందరగా ఎగిరిపోతుంది. ఉప్పునీళ్లు పోస్తే ఆరిపోయాక ఉప్పు పేరుకుని మూత రంధ్రాలు మూసుకుంటాయి.

ఇగరడం ఆపాలంటే గ్లిసరిన్. మెడికల్ షాపులో ఐపీ అని రాసి ఉన్నది తీసుకో, సగం నీళ్లు కలుపు. పూర్తిగా గ్లిసరినే పోస్తే చిక్కగా ఉండి బుడగ సరిగా లేవదు. నాలుగు చుక్కలు లోపల పడినా ఏమీ కాదు, కొంచెం తీపి అంతే.

ఆదోని_కాటన్
గ్లిసరిన్ అంతా దండగ అనిపిస్తుంది నాకు. రోజూ రెండు చెంచాల నీళ్లు పోయడానికి ఏమొచ్చింది? అసలు దోషి రేకుల గది. బకెట్టు కిందికి దింపండి.

హంద్రీ_గట్టు
దింపడానికి అమ్మ ఒప్పుకోవాలి కదా. ఘాటుకు వంటింట్లో ఎవరూ నిలబడలేరంటుంది.

లెక్కల_సార్ (నంద్యాల)
ఘాటుకు, పీల్చుకోవడానికి ఒకే ఏర్పాటు చేయొచ్చు. ప్రయోగశాలలో వాయువు సేకరించే పద్ధతి ఇది.

అక్వేరియం షాపులో గాలి గొట్టం రెండు మీటర్లు కొనండి. లీటరు సీసాలు రెండు. మొదటి సీసా ఖాళీ, మూత బిగుతుగా ఉండాలి, మూతకు రెండు రంధ్రాలు. బకెట్టు నుంచి వచ్చే గొట్టం ఈ సీసా మెడ దగ్గరే ఆగాలి. రెండో రంధ్రంలోంచి ఇంకో గొట్టం, దీని ఒక కొస మొదటి సీసా అడుగు దాకా, రెండో కొస రెండో సీసా అడుగు దాకా. రెండో సీసాలో ముప్పాతిక నీళ్లు, దానికి మూత బిగించొద్దు, పురుగులు పడకుండా గుడ్డ కట్టండి. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి.

రాత్రి బకెట్టు పీలిస్తే రెండో సీసా నీళ్లు మొదటి సీసాలోకి వస్తాయి. అక్కడే ఆగుతాయి, బకెట్టు దాకా రావు. పొద్దున గ్యాస్ వ్యాకోచిస్తే అవే నీళ్లు మళ్లీ రెండో సీసాలోకి వెళ్తాయి. 160 మిల్లీలీటర్లు అటూ ఇటూ తిరుగుతాయి, బయటి గాలి లోపలికి రాదు. మొదటి సీసాలో గొట్టం అడుగు దాకా ఉండటం ముఖ్యం. పైనే ఆపితే వచ్చిన నీళ్లు తిరిగి పోవు, రోజుకింత చేరి సీసా నిండుతుంది.

డెన్వర్_పొద్దుటూరోడు
వహ్వా సార్. ఇక్కడ రెండు జాడీల ట్రాప్ అని చేస్తారు గానీ ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అతుకులన్నీ గట్టిగా ఉండాలి అన్నా, బకెట్టు మూత దగ్గర కొంచెం వదులున్నా గాలి ఆ దారిన పోతుంది, సీసాలో చలనమే ఉండదు. మూత అంచున సబ్బు నురుగు రాసి బకెట్టు మీద అరచేత్తో మెల్లగా నొక్కు, లీకుంటే అక్కడ బుడగ లేస్తుంది. నొక్కిన చెయ్యి తీసేటప్పుడు మళ్లీ పీలుస్తుంది, కాబట్టి నొక్కే ముందే ఎయిర్‌లాక్ తీసి రంధ్రానికి బిరడా పెట్టుకో.

హంద్రీ_గట్టు
చేశాను. బకెట్టు మెట్ల కింద సామాన్ల గదిలో పెట్టాను, రెండు సీసాలూ కిటికీ గట్టు పక్కన, రెండో సీసా దగ్గర నుంచి ఘాటు కిటికీ బయటికే పోతోంది. అమ్మ ఒకసారి వచ్చి వాసన చూసి ఏమీ అనలేదు. ఆ గదిలో మధ్యాహ్నం 29, తెల్లవారుజామున 26.

తెల్లారి లేచి టార్చి వేసి చూస్తే మొదటి సీసాలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు ఉన్నాయి. టిఫిను తిని వచ్చేసరికి అవి గొట్టంలో మెల్లగా జరుగుతూ అవతలి సీసాలోకి పోతున్నాయి. ఇంత స్పష్టంగా కనబడుతుందనుకోలేదు.

లెక్కల_సార్ (నంద్యాల)
మూడు డిగ్రీల తేడాకు ఒక శాతం, అంటే 50 మిల్లీలీటర్లు. ఆవిరితో కలిపి ఇంకాస్త. మీ రెండు వేళ్లు కాస్త ఎక్కువే, సీసా సన్నది అయి ఉండాలి. కిందికి దింపాక కూడా మూడు ముక్కల ఎయిర్‌లాక్ ఒక్కటే ఉంటే ఖాళీ అయ్యేదే, దాని పట్టు 15 కాబట్టి. ఇంకా తగ్గించాలంటే లోపలి ఖాళీ తగ్గించండి. గ్యాస్ జోరు అయిపోయింది కాబట్టి ముద్దను చిన్న డబ్బాల్లోకి మార్చి మెడ దాకా నింపవచ్చు.

జాడీ_అక్క (కడప)
మారిస్తే మళ్లీ గాలి తగులుతుంది కదా సార్. ఉన్నదాన్ని ఉండనివ్వడమే మేలు. నేనైతే మందపాటి కవరులో ఉప్పునీళ్లు పోసి మూతి కట్టి ముద్ద మీద పరుస్తాను. బరువూ అవుతుంది, ఖాళీ తగ్గుతుంది, ఒకవేళ కవరు చిరిగినా ఉప్పునీళ్లే పడతాయి.

డెన్వర్_పొద్దుటూరోడు
అక్క మాటకే నా ఓటు.

హంద్రీ_గట్టు
కవరు పద్ధతే చేస్తాను. పొర తీయడానికి ఎలాగూ మూత తీయాలి.

ఆదోని_కాటన్
ఒక చిన్న సందేహం. నా బకెట్టు మూతకు రంధ్రం ఎంత సైజు వేయాలి? వాషర్ తెప్పించాను గానీ వదులుగా ఉంటుందేమోనని టెన్షన్.

డెన్వర్_పొద్దుటూరోడు
మామూలుగా దొరికే వాషర్ లోపలి రంధ్రం మూడు సూతులు, అంటే 9.5 మిల్లీమీటర్లు. దానికి మూతలో అరంగుళం రంధ్రం, అంటే 12.7. నీ వాషర్ అంచులో గాడి ఉంటుంది చూడు, ఆ గాడి వ్యాసం కొలిచి అంతే వేయి. డ్రిల్ చేసేటప్పుడు మూత కింద చెక్క ముక్క పెట్టు, లేకపోతే అంచు పెచ్చులు లేస్తుంది. గొట్టం దూర్చేముందు వాషర్‌ను తడి చేయి, నొక్కి తిప్పొద్దు. నీ పాత ఎయిర్‌లాక్ మెడ చీలింది అలాగే కదా.

ఆదోని_కాటన్
అవును అన్నా. అరంగుళం బిట్టు ఇక్కడ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, రేపు వేస్తాను.